రెండు టోకెన్ల మెప్పు

పెనుమూరు
3-7-2024

నా తల్లి లోహితకు,

నువ్వు సెటైరికల్ అయ్యావంట! ఆ మాట విన్నప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నిన్న పొద్దున మీ చిన్నబ్బ మామ ఫోను చేశాడు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో నాకు సగం గాలే వినపడుతుంది, అందుకే కదా నీకూ నాకూ ఈ ఉత్తరాలు. అయినా వాడు మీ కంపెనీ బస్సు తోలేవాడాయె, హారను కంటే గట్టిగా అరిచాడు. "బావా, లోహిత రాసింది పుస్తకంలో ఏసినారు! సెటైరికల్ అంట! ఆఫీసంతా ఇదే మాట!" అన్నాడు. అంటే ఏందిరా అని నేను అడిగేలోగా ఫోను తెగిపోయింది.

మన టీ బంకు కాడికి బీడీకట్టకు వచ్చిన ఆటో మోహనను అడిగాను. "తెలీదా మామా? మీ బామ్మర్ది ఉండేది సూళ్లూరుపేటలో గదా. ఆడ సాటిలైటని రాకెట్లో పెట్టి పైకి పంపుతారు సూడు, అదీ. పాప పైకి పోతా ఉండాదని చెప్పినాడు," అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి తల్లీ. వాడి బీడీకట్టకు డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రానికి పుస్తకం కూడా వచ్చేసింది. చిన్నబ్బ చిత్తూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. మీ కంపెనీ వార్షికోత్సవం పుస్తకం, నున్నటి కాగితం, పద్నాలుగో పేజీలో నీ ఫోటో, నీ పేరు. నువ్వే ఎందుకు పంపలేదమ్మా? నాయన ముందు సిగ్గా?

మీ అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చదివాను. ఈ ముక్క మూడుసార్లు చదివాను:

"ఋషులు పన్నెండేళ్ళు అడవుల్లో కూర్చుని సాధించిన నిగ్రహాన్ని మా కంపెనీ మాకు మూడు నెలల్లో నేర్పింది. మా లైనులో నలభై మంది ఆడపిల్లలకు రెండు టోకెన్లు. టోకెను మెడలో ఉన్నవాళ్ళే బాత్‌రూముకు వెళ్ళాలి. అది మెడలో పడిన రోజు పెళ్ళికూతుళ్ళలా మురిసిపోతాము. దాహమనే బలహీనతను కూడా జయించాము. నీళ్ళు తాగనివాళ్ళకు టోకెనుతో పనేముంది? ఇంత దయగల యాజమాన్యానికి మా శరీరాలు రుణపడి ఉన్నాయి."

ఏం రాత, ఏం రాత! ఫ్యాక్టరీ అంటే చార్జర్లు బిగించడమే అనుకున్నాను. తపస్సు కూడా నేర్పుతారని నాకేం తెలుసు? మీ అమ్మ మాత్రం ఒక్క నవ్వు నవ్వలేదు. "నలభై మందికి రెండేనా?" అని అడిగింది. "అవును మే, దాంట్లోనే ఉండాది గొప్ప," అన్నాను. లేచి వెళ్ళి పొయ్యి ముందర కూర్చుంది. చదువుకోని మనిషి, ఏం చెప్తాం.

రేపు మీ పెద్దసారుకు ధన్యవాదాలు చెప్పి ఒక ఉత్తరం రాస్తాను. బిడ్డను అంత బాగా చూసుకునేవాళ్ళకు ఒక మాట చెప్పకపోతే మనం మనుషులమే కాదు.

సంతోషంతో,
నీ నాయన మునిరామయ్య


సూళ్లూరుపేట
9-7-2024

నాయనకు,

నీ ఉత్తరం బస్సులో రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వు వచ్చింది. రెండోసారి రాలేదు.

సెటైరికల్ అంటే రాకెట్‌కు సంబంధించింది కాదు. తెలుగులో వ్యంగ్యం అంటారు. ఎట్లా చెప్పాలి నీకు? నువ్వు పదకొండుకు వస్తానని చెప్పి మధ్యాహ్నం మూడుకు అన్నానికి వస్తావు చూడు, అప్పుడు అమ్మ "అప్పుడే వచ్చేసినావే, ఇంకా పొద్దు గూకలేదే" అంటుంది. నువ్వేమో "ఇయ్యాల బేరాలు తక్కువలే మే" అని జవాబు చెప్పి కాళ్ళు కడుక్కుంటావు. అమ్మ అన్నది మెచ్చుకోలు కాదు నాయనా. అదే వ్యంగ్యం. పైకి ఒక మాట, లోపల దానికి ఎదురు మాట.

ఎగతాళి వేరు, ఇది వేరు. ఎగతాళి మనకంటే చిన్నవాళ్ళ మీద చేస్తారు. ఇది మనకంటే పెద్దవాళ్ళ మీద, వాళ్ళ ముందరే, వాళ్ళు పట్టుకోలేని విధంగా చేసేది. నేను మాత్రం పట్టుబడ్డాను. మా ఆఫీసులో ఎవరో ఆ మాట అన్నది నన్ను మెచ్చుకుని కాదు.

పెద్దసారుకు మాత్రం ఏమీ రాయవద్దు. ఎందుకని అడగవద్దు. షిఫ్టు దిగి వచ్చి కూర్చున్నాను, వేళ్ళు వంగడం లేదు. ఇంక రాయలేను.

లోహిత


పెనుమూరు
14-7-2024

తల్లీ లోహితా,

ఆ ఉత్తరం వెళ్ళిపోయిందమ్మా. నాలుగో తేదీనే రిజిస్టర్ పోస్టు చేశాను. పోస్టుమాస్టరు చేత ఇంగ్లీషులో అడ్రసు రాయించాను కూడా. "మా బిడ్డకు ఓర్పు నేర్పినందుకు మీ పాదాలకు నమస్కారం, మిగతా కంపెనీలు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి" అని రాశాను. నాలుగు పేజీలు. చివర మీ పిల్లలు చల్లగా ఉండాలని దీవించాను.

నువ్వు చెప్పిన అర్థం తెలిసినప్పటి నుంచి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. ఎవరేం చెప్పినా రెండుసార్లు ఆలోచిస్తున్నాను. పోయిన ఏడు జాతరలో నాకు తువ్వాలు కప్పి "మునిరామయ్య అంత మంచోడు ఈ చుట్టుపక్కల లేడు" అని మైకులో చెప్పారే, అదీ ఇదేనా? నా బంకులో టీ అమృతమంటారే, అది? మోహనను నిలబెట్టి అడిగాను. "రాకెట్టన్నావే, నిజంగా అనుకోని అన్నావా, నన్ను ఆడిస్తివా?" వాడు తల గోక్కుని, "ఏదో నోటికొచ్చింది మామా. నువ్వు సంతోషంగా ఉంటివి, దాన్నెందుకు చెడగొట్టేదని..." అన్నాడు. అది జవాబేనా చెప్పు? డెబ్బయ్యేళ్ళ మెప్పులన్నీ ఒక్కొక్కటి తిరగేసి చూసుకోవాలంటే ఎంత అలసటగా ఉందో నీకు చెప్పలేను. నిన్న బంకు మధ్యాహ్నమే మూసేశాను.

మీ అమ్మనే అడిగాను. "నువ్వు నాతో ఇన్నేండ్లూ సెటైరికల్‌గానే మాట్లాడినావంట గదా మే?" అన్నాను. "ఎవురు చెప్పినారు?" అంది. "బిడ్డ రాసింది." చేతిలో చాట పక్కన పెట్టింది. తరవాత, "నీతో నేరుగా చెప్పి చెప్పి నోరు నొచ్చినాకనే గదయ్యా అట్ల మాట్లాడేది," అంది. "మరి జాతరలో తువ్వాలు?" అంటే, "అది నిజమేలే. నిన్ను ఎక్కిరించేదానికి ఎవురికీ మనసు రాదు, నువ్వు నమ్మేస్తావని," అంది. ఇది మెప్పో కాదో కూడా నాకు తెలియలేదు.

ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ పేజీని మళ్ళీ చదివాను. పొగడ్త పైపైదే అని నువ్వన్నావు. సరే, పొగడ్తను తీసేశాను. తీసేస్తే కింద మిగిలేవి ఇవి. నలభై మంది. రెండు టోకెన్లు. నీళ్ళు తాగడం మానేశాము. అవి నిజమేనా? ఆ నలభై మందిలో నువ్వూ ఉన్నావా?

నాయన


సూళ్లూరుపేట
19-7-2024

నాయనకు,

నిజమే. ఉన్నాను.

ఇంతకాలం చెప్పకపోవడం నా తప్పే. నెలకొకసారి ఇంటికి వచ్చినప్పుడు అమ్మ చెంబెడు నీళ్ళు చేతిలో పెడితే ఒక్క గుక్కలో తాగేదాన్ని. "ఎండన పడి వచ్చినావు పాపం" అనేవాడివి. ఎండ కాదు అది.

నా పక్క సీట్లో పని చేసే కోమలి సత్యవేడు పిల్ల. ఇరవై రెండేళ్ళు. మార్చిలో ఆ అమ్మాయికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, అది కిడ్నీల దాకా పోయింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంది. చూడటానికి వెళితే వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, మా పాప నీళ్ళే తాగదంట గదా, డాక్టరు తిడతా ఉండాడు. పక్కనే ఉండావు, తాగమని నువ్వన్నా చెప్పగూడదా?" అంది. ఏం చెప్పను? తాగవద్దని ఆ పిల్లకు మొదటి వారం నేర్పించిందే నేను. కొత్తగా వచ్చిన వాళ్ళకు మేమందరం చెప్పే మాటే అది.

సలహాల పెట్టెలో మూడు కాగితాలు వేశాము. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. అప్పుడే వార్షికోత్సవం పుస్తకానికి రాయమన్నారు, కంపెనీ గొప్పతనం గురించి మాత్రమే అన్నారు. సరే, గొప్పతనమే రాశాను. ఆఫీసులో చదివినవాళ్ళు అచ్చుకు పంపేశారు. అచ్చయ్యాక మా లైనులో పిల్లలు నవ్వుతుంటే అప్పుడు అనుమానం వచ్చింది వాళ్ళకు.

ఇప్పుడు విను. ఒకటో తేదీన నాకు మెమో ఇచ్చారు. "మీ రచన సెటైరికలా కాదా, రాతపూర్వకంగా తెలపండి" అని. చిన్నబ్బ మామ విన్నది ఆ మాటే. నిన్న హెచ్.ఆర్. మేడమ్ పిలిచింది. టేబులు మీద నీ నాలుగు పేజీలు ఉన్నాయి. ఆమె బాగా మాట్లాడింది, అరవలేదు. "మీ నాన్నగారికి చక్కగా అర్థమైంది లోహితా. కన్న తండ్రే ఇది మెచ్చుకోలు అంటుంటే ఇంకెవరు కాదంటారు? కింద ఒక సంతకం పెట్టు. ఇక్కడితో వదిలేద్దాం," అంది. కాగితంలో ఒకే వాక్యం: నేను రాసినది మనస్ఫూర్తిగా చేసిన ప్రశంస, వ్యంగ్యం కాదు.

పెడితే ఉద్యోగం ఉంటుంది. పెట్టకపోతే ఉండదని ఆమె అనలేదు, కానీ నేను లేచేటప్పుడు నా గుర్తింపు కార్డు వైపు చూసింది. ఇంకొకటి. అది ప్రశంసే అయితే, రెండు టోకెన్లు బాగున్నాయని మేమే చెప్పినట్టు. వచ్చే నెల నుంచి మిగతా అయిదు లైన్లకూ అదే పద్ధతి పెడతారంట. నీ ఉత్తరం, నా పేజీ నోటీసు బోర్డులో పక్కపక్కన అంటిస్తారంట.

వచ్చే శుక్రవారం లోగా చెప్పాలి. నిన్ను నిందించడం లేదు నాయనా. అంత ప్రేమగా రాసినవాడిని ఎవరు నిందిస్తారు? కానీ చాలా అలిసిపోయాను. సంతకం పెట్టేద్దామని కూడా ఉంది.

లోహిత


పెనుమూరు
22-7-2024

బిడ్డా,

పోస్టును నమ్మకుండా ఇది కండక్టరు చేతికి ఇస్తున్నాను, చిన్నబ్బ రేపు నీకు అందిస్తాడు.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. నీళ్ళ చెంబు దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాను. ఆమె ఏడవలేదు. "నేను ఆ పొద్దే చెప్తిని గదా. బిడ్డ నవ్వతా రాయలేదయ్యా అంటే నీకు ఎక్కలేదు," అంది. చెప్పిందో లేదో నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటుంది. నేనే మెప్పుల లెక్కలో ఉండి వినలేదు.

సంతకం సంగతి నేను చెప్పను. పెట్టు అనడానికి ఆ టోకెను నా మెడలో లేదు. పెట్టవద్దు అనడానికి ఆ షిఫ్టు నేను చెయ్యడం లేదు. పెట్టి వచ్చినా నువ్వు నా బిడ్డవే, మానుకుని వచ్చినా ఈ ఇంట్లో నీ పక్క నీదే. కానీ నా నాలుగు పేజీల మాట నాది. దాన్ని నీ మెడకు కట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని పెద్దసారుకు ఇంకొక ఉత్తరం రాశాను. పోస్టు చెయ్యలేదు. పోయినసారి నీతో చెప్పి, నీ జవాబు రాకముందే పంపేసి చేసిన తప్పు చాలు. నీ చేతిలో పెడుతున్నాను. ఇస్తే ఇవ్వు, చించితే చించు.

"అయ్యా, పోయినసారి నేను రాసిన ధన్యవాదాలు వెనక్కి తీసుకుంటున్నాను. నేను అయిదో తరగతి వరకే చదివాను. నా కూతురు రాసింది మెప్పు అనుకున్నాను. అది మెప్పు కాదు, సెటైరికల్. ఆ మాటకు నా కూతురు నాకు అర్థం చెప్పింది, నాకు తెలిసినంత మీకు చెబుతాను. నేరుగా అడిగితే వినేవాళ్ళు లేని చోట మనిషి పొగుడుతూ అడుగుతాడు. కాబట్టి దాంట్లో పొగడ్తను వదిలేసి అడిగినదాన్ని చదువుకోవాలి. అడిగింది బాత్‌రూముకు పోనివ్వమని. అంతకంటే ఏమీ లేదు. మీ పిల్లలు చల్లగా ఉండాలని దీవించాను, దాన్ని మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. ఇట్లు, ఆర్. మునిరామయ్య, బంకు అంగడి, పెనుమూరు."

నాలుగుసార్లు కొట్టేసి రాశాను. పొగిడేటప్పుడు నాలుగు పేజీలు వాటంతట అవే పారాయి. ఇది ఇంతే వచ్చింది.

నీళ్ళు తాగు తల్లీ.

నాయన


సూళ్లూరుపేట
31-7-2024

నాయనకు,

ఇచ్చేశాను.

శుక్రవారం నా జవాబు కూడా రాసి ఇచ్చాను. "అవును, సెటైరికల్" అని రెండే మాటలు. ఇంకా ఏమైనా రాద్దామని గంటసేపు కూర్చున్నాను, ఓపిక లేకపోయింది. దాని కింద నీ కాగితం పెట్టాను. మేడమ్ రెండుసార్లు చదివింది. నా ముఖం చూసి, "ఇది కూడా సెటైరికలేనా?" అని అడిగింది. "కాదు మేడమ్, మా నాయనకు అది రాదు," అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పెద్దసారు గదిలోకి తీసుకుపోయింది.

మూడు రోజులు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. రోజూ కార్డు గీకేటప్పుడు గేటు తెరుచుకుంటుందా లేదా అని చూసుకునేదాన్ని. నిన్న నోటీసు బోర్డులో కాగితం పెట్టారు. "యాజమాన్యం ఎంతో ఉదారంగా, స్వయంగా ఆలోచించి" మా లైనుకు ఆరు టోకెన్లు ఇస్తున్నదంట. మిగతా లైన్ల సంగతి ప్రస్తుతానికి లేదు. పిల్లలు ఆ కాగితం చదివి నవ్వారు. ఈసారి రాసింది నేను కాదు.

నన్ను తీసెయ్యలేదు. మెమో ఫైలులో ఉంటుందంట, ఏడాది పాటు జీతం పెరగదంట. ప్యాకింగ్‌కు మార్చారు. అక్కడ టోకెను పద్ధతే లేదు. కుర్చీలు కూడా లేవు. తొమ్మిది గంటలు నిలబడే పని. కాళ్ళు పొంగాయి.

ఆరంటే ఆరుగురికి ఒకటి కూడా రాదు. దీనికి సంతోషపడాలో లేదో తెలియడం లేదు. ముందు నిద్రపోవాలని ఉంది.

లోహిత


పెనుమూరు
5-8-2024

నా బంగారు తల్లికి,

ఆరు! ఆరు టోకెన్లు! పోస్టుమ్యాన్ ముందరే చించి చదివి, రోడ్డు మీదే అరిచాను. రెండున్నచోట ఆరు చేసింది నా బిడ్డ! మీ అమ్మ బయటికి వచ్చి, "ఏమయ్యా, కంపెనీ రాసిచ్చినారా నీకు?" అంది. చూశావా, ఇప్పుడు నాకు వెంటనే తెలిసిపోయింది అది ఏమిటో. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుని, నీ కాళ్ళకు ఆముదం కాచి సీసాలో పోసింది. ఈ ఉత్తరంతో పాటే కండక్టరు తెస్తాడు. పడుకునే ముందు రాసుకో.

సంతోషపడాలో లేదో తెలియడం లేదన్నావు. నువ్వు పడుకో. ఆ పని నేను చేస్తాను, నాకు అలవాటే. మోకాళ్ళు పట్టేసి నాలుగు రోజులుగా సరిగా నడవలేకున్నాను, అయినా ఈ రోజు బంకు నుంచి ఇంటికి మూడుసార్లు తిరిగాను. కుర్చీ లేదన్నావే, అది మాత్రం బాధగా ఉంది. దాన్ని గురించి ఎవరికైనా రాయాలంటే చెప్పు. పొగడకుండా రాయడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఈ సంగతి చెప్పవలసినవాళ్ళు. కొందరికి నేను, కొందరికి నువ్వు:

పలమనేరులో మీ అక్క జయంతికి. పూర్తిగా చెప్పు, నీళ్ళ సంగతితో సహా. ఏడుస్తుంది, ఏడవనీ.

పుత్తూరు ఆనందమ్మత్తకు. ఉద్యోగంలో పైకి పోలేదు, ప్యాకింగ్‌కు దించారు అని కూడా దాచకుండా నేనే చెబుతాను. "అబ్బో, శానా గొప్పే" అంటుంది. అననీ, అర్థమవుతుంది నాకు.

నగరిలో మీ చిన్నాయన మునిచంద్రకు. ఆయన కూతురు వచ్చే నెల మీ కంపెనీలోనే చేరాలని చూస్తోంది. చేరేముందు ఎన్ని టోకెన్లో అడగమని చెప్పాలి.

చిన్నబ్బకు. సెటైరికల్ అంటే ఏమిటో వాడికీ తెలియదు, అందుకే ఫోను పెట్టేశాడంట. నెమ్మదిగా చెప్పు.

సత్యవేడులో కోమలి వాళ్ళమ్మకు. ఆమె మనకు ఏమీ కాదు, అయినా ఈ వరసలో రాస్తున్నాను. ఆమెకు ఉత్తరం వద్దు, ఫోను వద్దు. ఈ ఆదివారం నువ్వే పో. ఆ రోజు ఆమె అడిగినదానికి జవాబు చెప్పి, ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి రా.